మంచు నీళ్ళు ఎండకి తేటపడాల్సింది పోయి టీ రంగుకి ఎందుకు తిరిగాయి?

టంగుటూరు దగ్గర పొగాకు బ్యారన్ (కట్టెల వేడితో పొగాకు ఆరబెట్టే గది) ఉన్న తమ్ముడు అడిగిన ప్రశ్న ముందు క్లుప్తంగా చెప్తా, తర్వాత చదివేవాళ్ళకి కూడా అర్థం కావాలి కదా. భోగికి రెండ్రోజుల ముందు రాత్రి మంచు బాగా కురిసింది. బ్యారన్ పక్కన పరిచిన పట్ట గుంటలో తెల్లారేసరికి గ్లాసెడు నీళ్ళు చేరాయి. లేత పసుపు రంగు, ముక్కు దగ్గర పెడితే కట్టె పొగ వాసన. వాటిని రెండు గాజు సీసాల్లో పోసి, ఒకటి పిట్టగోడ మీద ఎండలో, ఇంకోటి లోపల బీరువాలో పెట్టాడు. సాయంత్రానికి బీరువాలోది పెట్టినట్టే ఉంది. గోడ మీదది మాత్రం పల్చటి టీ డికాషన్ రంగుకి తిరిగింది. వాళ్ళ నాయనేమో "ఎండ తగిలితే పొగలో చెడంతా విరిగిపోద్ది, మంచు విడిచాక గాలి శుభ్రమే" అంటాడట. మరి నీళ్ళు శుభ్రపడకుండా ఎందుకు ముదిరాయి, ఈ నీళ్ళు గొడ్లు తాగితే ప్రమాదమా అన్నది ప్రశ్న.

నేను ఒంగోల్లో డిగ్రీ పిల్లలకి 26 ఏళ్ళు కెమిస్ట్రీ చెప్పి రిటైరయ్యాను. మాదీ కొండపి వైపు పల్లె. బ్యారన్ పొయ్యి ముందు రాత్రిళ్ళు మేలుకుని కట్టెలు ఎగదోసినవాణ్ణే. కాబట్టి తమ్ముడూ, నువ్వు అనే పిలుస్తా, ఏమీ అనుకోవద్దు. బీరువాలో రెండో సీసా పెట్టావు చూడు, నీ ప్రశ్నకి అదే ప్రాణం. అది లేకపోతే నీళ్ళు నిలవుండి రంగు మారాయో, పట్టకున్న మురికి దిగిందో, ఎండ చేసిన పనో తేలేది కాదు. నా దగ్గర చదివిన పిల్లల్లో సగం మందికి ఆ ఆలోచన రాదు.

మీ నాయన చెప్పింది సగం నిజం. ఎండ పొగలోని సరుకును విరుస్తుంది. విరిచి ఊరుకోదు, విరిగినవాటిని మళ్ళీ ఒకదానికొకటి అతికిస్తుంది కూడా. నీ సీసాలో కనిపించింది ఆ అతుకుల రంగు.

ముందు ఆ నీళ్ళలో ఏముందో చూద్దాం. ఎంత దట్టమైన మంచైనా ఒక ఘనమీటరు గాలిలో ఉండే నీళ్ళు మామూలుగా అర గ్రాము లోపే. పదడుగుల గది నిండా మంచు నింపి పిండితే మూడు చెంచాలు దాటవు. ఒక్కో చుక్క 10, 20 మైక్రోమీటర్లు, అంటే మన వెంట్రుక మందంలో నాలుగో వంతో ఐదో వంతో. నీళ్ళు ఇంత తక్కువ, చుట్టూ గాలి బోలెడంత. ఆ గాలిలో నీళ్ళంటే ఇష్టమున్న సరుకంతా ఈ కాసిని నీళ్ళలోకి దూరుతుంది. అందుకే మంచు నీళ్ళు వాన నీళ్ళ కన్నా చాలా చిక్కన. వాన నీళ్ళలో లేని వాసన నీ పట్ట మీది నీళ్ళకి వచ్చిందంటే కారణం ఇదే.

అన్నీ దూరవు. పెట్రోలు వాసనిచ్చే బెంజీన్ లాంటివి నీటి మొహం చూడవు, గాలిలోనే తిరుగుతాయి. ఫినాల్ జాతివి బెంజీన్ కన్నా వేల రెట్లు ఎక్కువగా నీళ్ళలోకి దిగుతాయి. కట్టె పొగలో ఉండేది ఈ జాతే. సర్వి కట్టె కానీ, సుబాబుల్ కానీ, చిల్లకంప కానీ, కట్టెకి గట్టిదనం ఇచ్చే లిగ్నిన్ అనే పదార్థం ఉంటుంది. అది మంట సరిగ్గా అందక కమిలినప్పుడు గ్వయాకాల్, సిరింగాల్ అనే ఫినాళ్ళుగా విడిపోతుంది. కట్టె పొయ్యి వాసన అని మనం అనేదాంట్లో పెద్ద వాటా వీటిదే. వీటితోపాటు కొంచెం వెనిలిన్ కూడా పుడుతుంది, ఐస్‌క్రీములో వేసే వెనిలా వాసన సరుకే అది. ఈ వెనిలిన్‌ని గుర్తుపెట్టుకో, కాసేపట్లో దీంతో పనుంది.

ఇప్పుడు ఎండ. చాలామంది పాఠంలో చదివింది ఏమిటంటే, సూర్యకాంతి నేరుగా మాలిన్యం అణువుని కొట్టి పగలగొడుతుందని. కొన్నిటి విషయంలో నిజమే. గ్వయాకాల్ విషయంలో దాదాపు కాదు. అణువు పగలాలంటే ముందు అది వెలుగుని మింగాలి. గ్వయాకాల్ మింగేది 275 నానోమీటర్ల (ఇది కాంతి అల పొడవు కొలత, అంకె తగ్గేకొద్దీ కాంతి బలం ఎక్కువ) చుట్టుపక్కల ఉండే అతినీలలోహిత కాంతిని. పైనున్న ఓజోన్ పొర 290కి లోపలి కాంతిని నేల దాకా దాదాపు రానివ్వదు. ఎండలో పెట్టినా గ్వయాకాల్‌కి దాని మేత అందదన్నమాట. అయినా నీ సీసాలో అది మారిపోయింది. ఎలా?

మధ్యవర్తులున్నారు. వెలుగుని వేరేవాళ్ళు మింగి, ఆ బలంతో గ్వయాకాల్ మీద పడతారు. చుక్కలో జరిగే అసలు కథ ఇదే.

మొదటి మధ్యవర్తి నైట్రైట్, దాని అన్న నైట్రేట్. రాత్రంతా హైవే మీద లారీల పొగలో వచ్చే నైట్రోజన్ ఆక్సైడ్లు తడి తగిలి ఇలా తయారై చుక్కలో కూర్చుంటాయి. నైట్రేట్ 300 నానోమీటర్ల దగ్గర, నైట్రైట్ 355 దగ్గర వెలుగుని మింగుతాయి. మింగి విరిగితే హైడ్రాక్సిల్ రాడికల్ పుడుతుంది, అంటే జత లేని ఎలక్ట్రాన్‌తో దేన్నైనా పట్టుకోవాలని చూసే ముక్క. ఇంత తిక్క వస్తువు ఇంకోటి లేదు. ఫినాల్‌ని ఢీకొంటే చాలు, చర్య జరిగినట్టే. మురికి మంచు నీళ్ళలో దాని ఆయుష్షు సెకనులో పది లక్షల వంతు, అంతకన్నా తక్కువే. పుట్టడం, పక్కనున్నదాన్ని పట్టుకోవడం, అంతే.

రెండోది హైడ్రోజన్ పెరాక్సైడ్, పుండు కడగడానికి మందుల షాపులో ఇచ్చేదే. ఎండకి గాలిలోనే తయారవుతుంది, నీళ్ళు కనబడితే ఆత్రంగా కరుగుతుంది. వెలుగుకి ఒక్కో అణువు రెండు హైడ్రాక్సిల్ రాడికల్స్‌గా చీలుతుంది. మనవైపు ఎర్రమట్టి దుమ్ము, బూడిద నుంచి కరిగిన ఇనుము రవ్వంత తోడైతే ఇంకా వేగం. ఇనుము, పెరాక్సైడ్ కలిస్తే ఇలాంటి చర్య జరుగుతుందని 1894లోనే ఫెంటన్ అనే ఇంగ్లండు రసాయన శాస్త్రవేత్త రాశాడు. వాడేసిన ఇనుముని వెలుగు మళ్ళీ పాత రూపానికి తెస్తుంది. రవ్వంత ఇనుమే రోజంతా తిరిగి తిరిగి పనిచేస్తుంది.

మూడోది నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. పొగ తనని తానే కాల్చుకోవడం. వెనిలిన్ గుర్తుంది కదా, అది, దాని దాయాదులైన ఆల్డిహైడ్లు 300 దాటిన కాంతిని బాగానే మింగుతాయి. మింగాక ట్రిప్లెట్ అనే ఉద్రేక స్థితిలోకి వెళ్తాయి. ఆ స్థితిలో ఉన్న వెనిలిన్ పక్కనున్న గ్వయాకాల్ నుంచి ఒక హైడ్రోజన్‌ని లాగేసుకుంటుంది. లేదంటే కరిగివున్న ఆక్సిజన్‌కి ఆ ఉద్రేకం అంటించి సింగ్లెట్ ఆక్సిజన్‌గా మారుస్తుంది, అది పోయి ఫినాల్ మీద పడుతుంది. కాలిఫోర్నియా మధ్య లోయలోని పొగమంచు నీళ్ళని డేవిస్ విశ్వవిద్యాలయంవాళ్ళు ఎండకాంతి లాంటి వెలుగులో పెట్టి ఈ హైడ్రాక్సిల్, సింగ్లెట్ ఆక్సిజన్ లెక్కలు తీశారు. అక్కడి చలికాలం కథ కూడా ఇదే, కట్టె పొగ, నేలకి అంటుకున్న మంచు. కట్టె పొగ దండిగా ఉన్నచోట ఫినాళ్ళ పని పట్టడంలో ట్రిప్లెట్లదే పైచేయి కావచ్చు.

ఇక రంగు. హైడ్రోజన్ పోగొట్టుకున్న గ్వయాకాల్ ఒంటరిగా ఉండలేదు. అలాంటివే రెండు కలిస్తే అతుక్కుంటాయి. ఆ జంటకి ఇంకోటి. కొన్ని క్వినోన్లుగా, అంటే ఫినాళ్ళు ఆక్సీకరణం చెందితే వచ్చే రంగు పదార్థాలుగా, మారతాయి. అతుకు పెరిగేకొద్దీ అది మింగే కాంతి అతినీలలోహితం నుంచి కంటికి కనిపించే నీలం వైపు జరుగుతుంది. నీలం పోతే మనకి కనిపించేది పసుపు, ఆ తర్వాత గోధుమ. ఇది వింతేమీ కాదు, మీ ఇంట్లో రోజూ జరిగేదే. వంకాయ తరిగి నీళ్ళలో వెయ్యకుండా వదిలేస్తే నల్లబడుతుంది కదా. అక్కడా ఫినాళ్ళే క్వినోన్లై అతుక్కుంటాయి. వంకాయలో ఎంజైము చేసే పని మంచు చుక్కలో ఎండ చేస్తోంది. చుక్కలో నైట్రైట్ ఎక్కువుంటే ఇంకో దారి కూడా ఉంది. ఫినాల్‌కి నైట్రో గుంపు తగులుకుని నైట్రోఫినాల్ అవుతుంది. వాటిది చిక్కటి పసుపు.

నీ దగ్గరున్నది ఏ రంగో తేల్చుకోవాలంటే చిన్న కిటుకు. ఎండ సీసాలోంచి ఒక చెంచా నీళ్ళు తెల్ల పింగాణీ సాసర్లో పోసి నాలుగు చుక్కల నిమ్మరసం వెయ్యి. పులుపుకి చాలా నైట్రోఫినాళ్ళు పసుపు వదిలేస్తాయి, అతుకుల గోధుమ రంగు మాత్రం దాదాపు అలాగే నిలుస్తుంది. ఇది రుజువు కాదు, కోర్టులో నిలవదు, కానీ గాలి ఎటు వీస్తోందో చెప్తుంది.

ఆ సీసా పారబోశావా? ఉంటే ఇంకో వారం అక్కడే ఉంచు. ముదిరిన రంగు మెల్లగా మళ్ళీ పలచబడాలి. అతికిన పెద్ద అణువులు కూడా వెలుగుకి, రాడికల్స్‌కి తట్టుకోలేక చిన్న ముక్కలవుతాయి. ఫార్మిక్, ఎసిటిక్, ఆక్సాలిక్ ఆమ్లాలు, చివరికి కార్బన్ డయాక్సైడ్. మీ నాయన చెప్పిన "విరిగిపోద్ది" అన్నమాట అప్పటికి నిజమవుతుంది. చిక్కేమిటంటే మంచు చుక్కకి అంత తీరిక లేదు. జనవరి మధ్యలో మనకి పొద్దు పొడిచేది ఆరు నలభై ప్రాంతంలో. తొమ్మిదికో పదికో మంచు విడిచిపోతుంది. ఎనిమిది గంటలకి సూర్యుడు దిగంతం మీద 16, 17 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. ఏటవాలు కాంతి ఎక్కువ గాలిని దాటుకుని రావాలి, ఆ దారిలో ముందు రాలిపోయేది 300 చుట్టుపక్కలది. కాబట్టి పొద్దున్నే నైట్రేట్ పెద్దగా లేవదు. 320 పైన మేసే నైట్రైట్, వెనిలిన్ లాంటివి ముందు పనిలోకి దిగుతాయి. అంటే చుక్క బతికున్న ఆ రెండు మూడు గంటల్లో రంగు ముదిరే దశే ఎక్కువ నడుస్తుంది. విరిగి తేటపడే దశ రాకముందే నీళ్ళు ఆరిపోతాయి.

నీళ్ళు ఆరితే అందులోవి ఏమవుతాయి? అతుక్కోకముందు గ్వయాకాల్ తేలిక సరుకు, నీళ్ళతోపాటే ఆవిరై గాలిలో కలిసిపోయేది. అతుక్కున్నాక బరువెక్కింది, ఇక ఆవిరి కాలేదు. చుక్క ఆరినచోట సన్నటి నలుసుగా మిగిలి గాలిలో తేలుతుంది. మంచు విడిచాక పదింటికి దూరంగా చూస్తే తాటిచెట్ల మొదళ్ళ దగ్గర ఇంకా బూడిద రంగు తెర కనిపిస్తుంది చూడు, అందులో ఈ నలుసులూ ఉంటాయి. లారీ అద్దం మీద మంచు ఆరాక వైపరు తిప్పితే జిడ్డుగా గోధుమ చార పడుతుంది, అందులో మసి ఎంతో ఈ అతుకులు ఎంతో విడదీసి చెప్పలేం కానీ, తెల్ల గుడ్డ తడిపి తుడిస్తే దానికి అంటుకునే పసుపులో ఈ జాతిదీ ఉండొచ్చు. మర్నాడు రాత్రి ఆ నలుసు మీదే మళ్ళీ మంచు చుక్క కూర్చుంటుంది. మళ్ళీ పొద్దున ఎండ. ఒకే సరుకు రెండు మూడు వాయిలు ఉడుకుతుంది.

సీసాకీ చుక్కకీ ఉన్న తేడాలు కూడా చెప్పాలి, లేకపోతే నిన్ను తప్పుదోవ పట్టించినట్టే. మామూలు గాజు 310, 320 లోపలి కాంతిని చాలావరకు ఆపేస్తుంది, అంటే నీ సీసాలో నైట్రేట్‌కి నోరు కట్టేసినట్టే. గాలిలో ఉన్న చుక్కకి పెరాక్సైడ్ చుట్టుపక్కల నుంచి వస్తూనే ఉంటుంది, మూత బిగించిన సీసాలో ఉన్నది అయిపోతే అయిపోయినట్టే. నువ్వు చూసిన దారి సరైనదే, వేగాన్ని మాత్రం దీన్నిబట్టి లెక్కగట్టకు.

ఎండ అంటే అంత నమ్మకం ఎందుకొచ్చిందో నాకర్థమవుతుంది. బట్టలు, వడియాలు, ధాన్యం, అన్నీ ఎండకే బాగుపడతాయి. ప్లాస్టిక్ సీసాలో నీళ్ళు పోసి ఆరు గంటలు గట్టి ఎండలో పెడితే క్రిములు చస్తాయి, అది ప్రపంచమంతా ఒప్పుకున్న పద్ధతే. క్రిమి వేరు, రసాయనం వేరు. 1950ల మొదట్లో హాగెన్-స్మిట్ అనే ఆయన లాస్ ఏంజెలెస్‌లో కళ్ళు మండించే పొగమంచు బండ్ల పొగకి ఎండ తోడైతేనే పుడుతోందని తేల్చాడు. ఎండ లేని రోజున అక్కడ ఆ బాధ తక్కువ.

నెల్లూరు వైపు మిత్రులు కూడా చదువుతారు కాబట్టి ఒక ముక్క. కోవూరు, బుచ్చి, ఇందుకూరుపేట పొలాల్లో డిసెంబరు, జనవరుల్లో వరి పచ్చగా ఉంటుంది, మందులు కొట్టే కాలం. అక్కడ మంచులో పొగ కన్నా పురుగుమందు మాటే ముందు రావాలి. 1987లో నేచర్ పత్రికలో అమెరికావాళ్ళు ఒక వ్యాసం రాశారు. మేరీలాండ్‌లోని బెల్ట్స్‌విల్‌లో, కాలిఫోర్నియా శాన్ వాకీన్ లోయలో పట్టిన మంచు నీళ్ళలో పురుగుమందులు లెక్కప్రకారం కరగాల్సినదాని కన్నా బాగా ఎక్కువున్నాయని తేల్చారు. ఆ కొట్టుకొచ్చిన మందులన్నిటికీ ఎండ ఒకే మర్యాద చెయ్యదు. ఇమిడాక్లోప్రిడ్ నీళ్ళలో ఎండకి గంటల్లోనే విరిగే రకం. క్లోర్‌పైరిఫాస్ లాంటి గంధకమున్న మందులు వేరు. ఎండకి పుట్టిన ఆక్సిడెంట్లు (హైడ్రాక్సిల్ రాడికల్ లాంటివి) దాంట్లో గంధకాన్ని తీసేసి ఆ చోట ఆక్సిజన్‌ని కూర్చోబెడతాయి. దాన్ని ఆక్సాన్ అంటారు. నరాల మీద దెబ్బకొట్టేది నిజానికి ఆ రూపమే. మామూలుగా పురుగు ఒంట్లోనో మన కాలేయంలోనో జరగాల్సిన మార్పు బయటే జరిగిపోతుందన్నమాట. మందు కొట్టిన మర్నాడు మంచులో గట్ల మీద నడిచేవాళ్ళు ముక్కుకి తుండు కట్టుకుంటే చాలనుకుంటారు. ఆవిరి తుండుకి ఆగదు, మంచు విడిచాక వెళ్ళడమే మేలు.

బొగ్గు కాల్చే చోట లెక్క ఇంకోలా ఉంటుంది. బొగ్గు పొగలో వచ్చే సల్ఫర్ డయాక్సైడ్‌కి పెరాక్సైడ్ దొరికితే క్షణాల్లో దాన్ని తినేసి గంధకామ్లంగా మారుతుంది. అది ఎక్కువున్న గాలిలో ఫినాళ్ళ దాకా పెరాక్సైడ్ మిగలదు. అక్కడ మంచు పులుస్తుంది, ఇక్కడ మంచు ముదురుతుంది.

ఇంకో సంగతి, ఇది చాలామందికి తెలియదు. గడ్డి మీద, పట్ట మీద పడ్డ మంచు రాత్రి గాలిలోని నైట్రస్ ఆమ్లాన్ని పీల్చుకుని దాచుకుంటుంది. పొద్దున ఎండకి ఆరేటప్పుడు కొంత మళ్ళీ గాలిలోకి వదులుతుంది. ఆ ఆవిరి వెంటనే వెలుగుకి చీలి హైడ్రాక్సిల్ రాడికల్ ఇస్తుంది. తెల్లారగానే గాలి రసాయనానికి తాళం తీసేవాటిలో ఇదొకటి.

ఇక నా బుద్ధి తక్కువ పని ఒకటి. ఓ సంక్రాంతి సెలవుల్లో మా ఊళ్ళో ఇలాగే మంచు నీళ్ళు పట్టాను. ఫినాళ్ళు ఎంతున్నాయో చూద్దామని తెల్ల సీసాలో పోసి, స్కూటరు ముందు బుట్టలో పెట్టుకుని మధ్యాహ్నం ఎండలో ఒంగోలు తీసుకొచ్చా. తెలిసినాయన ల్యాబులో పరీక్ష చేస్తే ఎర్ర రంగు రావాల్సింది, వచ్చీ రానట్టు వచ్చింది. పరీక్షకి వాడిన మందు పాతదై ఉంటుందని ల్యాబులో కుర్రాడి మీద విసుక్కున్నా. మందు కొత్తదే. దారిలో రెండు గంటల ఎండే నా ఫినాళ్ళని సగం మింగేసింది. మర్నాడు అదే పట్ట మీది నీళ్ళు దగ్గు మందు గోధుమ సీసాలో పోసి, ఐస్ ముక్కల మధ్య పెట్టి తెస్తే ఎర్రగా, చిక్కగా వచ్చింది. క్లాసులో ఫోటోకెమిస్ట్రీ చెప్పేవాడు ఎండలో సీసా మోసుకొచ్చాడని ఆ ల్యాబులో చాన్నాళ్ళు నవ్వుకున్నారు.

గొడ్ల సంగతి అడిగావు. పట్ట మీద చేరిన గ్లాసెడు నీళ్ళు నాకితే గొడ్డుకి ఏమీ కాదులే, కానీ కుడితి తొట్టిలో కలపడానికి పట్టి పెట్టొద్దు. తేటగా కనిపించినా, ముదిరినా తాగడానికి పనికిరావు. నీళ్ళ కన్నా నేను భయపడేది ఊపిరికే. తెల్లవారుజామున బ్యారన్ చుట్టూ పొగమంచు కమ్మినప్పుడు చిన్నపిల్లల్ని అక్కడ పడుకోబెట్టొద్దు. పచ్చి కట్టె పొయ్యిలో పెట్టొద్దు. పచ్చి కట్టె కమిలేకొద్దీ నేను పైన చెప్పిన గ్వయాకాల్ జాతి ఎక్కువ పుడుతుంది, ఎండిన కట్టె భగ్గున మండితే తక్కువ. భోగి మంటలో టైర్లు వేసేవాళ్ళకి మాత్రం దండం పెట్టి చెప్తున్నా, ఆ మసిలో ఉండేవి కట్టె పొగలా నీళ్ళలో కరిగేవి కూడా కావు, మసికి అంటుకుని ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

ఈసారి మంచు కురిస్తే రెండు కాదు, నాలుగు సీసాలు పెట్టు. ఒకటి బీరువాలో, ఒకటి ఎండలో, ఒకటి ఎండలోనే కానీ నల్ల గుడ్డ చుట్టి. అది దేనికంటే, రంగు మార్చింది వెలుగా, ఒట్టి వేడా అన్నది తేలాలి. నాలుగోది నోరు వెడల్పున్న గిన్నె, పైన గాజు లేకుండా, దుమ్ము పడకుండా పక్కన కూర్చుని కాపలా కాయి. గాజు ఆపే కాంతి దానికి అందుతుంది కాబట్టి అది ముందు మారుతుందని నా అంచనా. గంటకోసారి తెల్ల కాగితం వెనక పెట్టి ఫోటో తీసి ఇక్కడ పెట్టు, టైము రాయడం మర్చిపోకు.